దారిదొంగ పాట – మా యింటి తగవు

గడచిన వేసవిలో మా యింట ఒక పాటను గుఱించి తగవు పుట్టినది. తగవనగా కేకలును కన్నీళ్లును గలది కాదు. అయినను రాత్రి భోజనములైన పిమ్మట మొదలై, పక్కలు వేసికొను వేళకు గూడ తెగక, మఱునాడు కాఫీల దగ్గఱ మరల తల యెత్తినది. పెండ్లి సంబంధములను గుఱించియు, పెట్టుపోతలను గుఱించియు ఇండ్లలో పక్షము లేర్పడుట నేనెఱుగుదును. పాట విని యిల్లు రెండుగా చీలుట చూచుట మాత్రము నాకిదియే మొదలు.

ఆ పాట మన దేశపుది కాదు. కూర్చిన కవి ఆంగ్లేయుడు. పాడినది కెనడా దేశపు గాయని. మా చిన్నమ్మాయి కళాశాలలో ఆంగ్లసాహిత్యము చదువుచున్నది. అందఱము సావడిలో చేరియున్న వేళ ఆమె తన సెల్‌ఫోనులో నాపాటను పెట్టి వినిపించినది. పాట పది నిమిషములకు పైగా సాగినది. అయిదవ నిమిషమున మా మఱది గడియారము చూచెను. ప్రక్కయింటి వదినగారు కన్నులు మూసికొనిరి. అది తన్మయత్వమో నిద్రయో నేటికిని నాకు తెలియదు. మా పెద్దమ్మాయి గోడకానుకొని కదలక వినుచుండెను. లక్షవత్తుల నోము పట్టి ప్రత్తి వత్తులు చేసికొనుచున్న మా అత్తగారు మాత్రము ప్రత్తి ప్రక్కకు పెట్టి, "ఏమి చెప్పుచున్నదో నాకుగూడ చెప్పవే" అని మనుమరాలి నడిగిరి. అసలు చిక్కంతయు అచ్చటనే మొదలయినది.

ముందు కథ చెప్పవలెను. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో గుఱ్ఱము లెక్కి, తుపాకులు ధరించి, బండ్లలో పోవు ప్రయాణికులను నిర్జనమైన బాటలలో అడ్డగించి దోచుకొను దొంగలుండిరి. వారిని హైవేమన్ అని పిలిచెడివారు. పద్యమునకును పాటకును అదియే పేరు. అట్టి దొంగ యొకడు వెన్నెలరాత్రి ఒక పాత సత్రమునకు వచ్చును. సత్రపు యజమాని కూతురు బెస్ అను నల్లకన్నుల చిన్నది కిటికీకడ నిలిచి, తన పొడవైన నల్లని జుట్టులో ఎఱ్ఱని ముడి యొకటి అల్లుకొనుచుండును. ఈ రాత్రి దోపిడికి పోవుచున్నాననియు, తెల్లవాఱులోపల బంగారముతో వత్తుననియు, ఎవరైన వెంట తఱిమినయెడల మఱునాటి వెన్నెలలో తప్పక వత్తుననియు ఆమెకు మాట యిచ్చి అతడు పోవును. ఆ మాటలను గుఱ్ఱపుసాలలో పనిచేయు టిమ్ అనువాడు చాటునుండి వినును. వానికిని బెస్ మీద మనసు కలదు.

మఱునాడు ఉదయమున దొంగ రాడు, మధ్యాహ్నమునను రాడు. ప్రొద్దు గ్రుంకు వేళకు రాజుగారి ఎఱ్ఱకోటు సిపాయిలు వత్తురు. సత్రపు యజమానితో పలుకనైన పలుకక అతని బీరు త్రాగుదురు. బెస్ నోట గుడ్డ గ్రుక్కి, ఆమెను మంచమునకు కట్టి, తుపాకి యొకదాని గొట్టము ఆమె ఱొమ్మునకు తగులునట్లు ప్రక్కన బిగించి, పరిహాసములాడి, కిటికీలవద్ద పొంచియుందురు. ఆమె కట్టిన చేతులను మెలిపెట్టి మెలిపెట్టి, అవి చెమటచేతనో నెత్తురుచేతనో తడియువఱకు పెనగులాడి, అర్ధరాత్రి వేళకు ఒక వ్రేలికొనను తుపాకి మీటకు చేర్చును. దూరమున గుఱ్ఱపు డెక్కల చప్పుడు వినవచ్చును. ఆమె మీట నొక్కును. ఆ ప్రేలుడు విని అతడు వెనుకకు మరలి తప్పించుకొనును. చనిపోయినది ఎవరో అతనికి తెల్లవాఱిన పిమ్మటగాని తెలియదు. తెలిసిన తోడనే వెఱ్ఱివానివలె కత్తి దూసి వచ్చి, సిపాయిల గుండ్లకు నడిబాటలో కూలును. చలికాలపు రాత్రులందు అతడు నేటికిని ఆ సత్రమునకు వచ్చుచుండుననియు, ఆమె నేటికిని కిటికీకడ వేచియుండుననియు జనులు చెప్పుకొందురట.

దీనిని వ్రాసినవాడు ఆల్ఫ్రెడ్ నోయిస్. 1880లో పుట్టి 1958లో గతించెను. 1904లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, సర్రే మండలమందలి బాగ్‌షాట్ అను బయలు అంచున నతడు నివసించుచుండెను. ఒక రాత్రి పైన్ చెట్లలో గాలి హోరెత్తుచుండగా మొదటి పంక్తి తట్టినదనియు, రెండు దినములలో పద్యమంతయు ముగిసినదనియు అతడే తరువాత చెప్పుకొనెను. 1906 ఆగస్టులో బ్లాక్‌వుడ్స్ అను మాసపత్రికలో అది అచ్చుపడినది. ఆఱేసి పంక్తుల చరణములు పదునేడు. వినుటకు తరతరములుగా పల్లెజనులు పాడుకొన్న గాథవలె నుండును. నిజమునకు జానపదుల చేయి దానిమీద పడనేలేదు; పత్రికకు పంపుటకై కాగితముమీద కూర్చినది. అయినను ఇంగ్లీషు బడిపిల్లలు తరములకొలది దానిని కంఠస్థము చేసిరి. 1995లో బి.బి.సి. వారు మీకు మిక్కిలి ప్రియమైన పద్యమేదని ప్రజల నడిగినప్పుడు దీనికి పదునైదవ స్థానము దక్కినది.

ఇక గాయని. లొరీనా మెకెన్నిట్ 1957లో కెనడాలోని మానిటోబా రాష్ట్రమున మోర్డెన్ అను ఊర పుట్టెను. తొలిదినములలో టొరంటో నగరపు సెయింట్ లారెన్స్ అంగడికడ వీథిలో హార్ప్ వాయించి పాడి, వచ్చిన డబ్బుతో తన పాటల నమ్ముకొనినది. 1985లో క్విన్లన్ రోడ్ అను పేర తన సొంత సంస్థ నేర్పఱచుకొనెను. ఈ విషయము నేనూరక చెప్పుట లేదు. పది నిమిషముల పాటను కత్తిరింపుమని ఆజ్ఞాపించు యజమాని యామెకు లేడు; తానే యజమానురాలు. కవుల పద్యములను పాటలుగా కట్టుట ఆమెకు మొదటినుండియు గల అలవాటు. టెన్నిసన్ కవి రచించిన లేడీ ఆఫ్ షాలట్‌ను 1991లో పదునొకండు నిమిషములకు పైగా పాడినది. ఈ దారిదొంగ పాట 1997లో బుక్ ఆఫ్ సీక్రెట్స్ అను ఆల్బములో వచ్చినది. అదే ఆల్బములోని మమ్మర్స్ డాన్స్ అను పాటను కుదించి, తాళము మార్చి రేడియోలకు పంపగా ఊరూర మ్రోగినది. దారిదొంగను కుదించుట యెవరి తరము?

మా మఱది మాత్రము కుదింపవలసినదే యనును. అతని వాదము తీసివేయదగినది కాదు. పద్యమును బిగ్గఱగా చదివినచో అయిదాఱు నిమిషములు. కొన్ని చరణములు విడిచి పాడినను పది. చరణము చరణమునకు అదే వరుస. పల్లవి లేదు, అనుపల్లవి లేదు. దొంగ టోపీ వర్ణించునప్పుడు ఏ వరుసయో, ఆ పిల్ల తుపాకి మీట నొక్కునప్పుడును అదే వరుస. పైగా కవి తన ఛందస్సులో గుఱ్ఱమును పఱుగెత్తించినాడు. గాయని ఆ గుఱ్ఱమును దింపి కథను పడవలో కూర్చుండబెట్టినది. ఇది అతని మాట. చెవి గలవాడే యని యొప్పుకొంటిని.

పెద్దమ్మాయికి కోపము వచ్చినది. హాస్టలులో నుండగా ఎన్నో రాత్రులు ఆ పాట విని నిద్రించినదట. కథ ముందే తెలిసియు, ప్రతిసారియు ఈసారి యైనను ఆ పిల్ల బ్రతుకునేమో యని ఎదురుచూచెడిదట. స్వరము మాఱకుండుటయే దానిలోని భయము. చెప్పువారు ఏడ్చినచో వినువారి కేడ్పు రాదు అని యామె పక్షము. చిన్నమ్మాయి ఈ రెంటికిని కాదు. ఆమెకు పద్యము ముఖ్యము. పాటలో విడిచిన చరణములను వ్రేళ్లమీద లెక్కించుచు, ఇంత పొడుగు పాడినామె ఆ నాలుగు ముక్కలు మాత్ర మేల మ్రింగెనని అడుగును. వదినగారు నిద్ర లేచి, గొంతు బాగున్నదమ్మా అనిరి.

మఱునాడు చిన్నమ్మాయి ఇంకొక పాట వెదకి తెచ్చినది. అమెరికా గాయకుడు ఫిల్ ఓక్స్ 1965లో, యుద్ధమును నిరసించు పాటల నడుమ, ఈ పద్యమునే గిటారుతో పాడియుండెను. దాదాపు సగము కాలములో ముగిసినది. మా మఱది మొగము విప్పారినది. ఇది పాట యనెను. పెద్దమ్మాయి చివఱి దాక విని, ఈయన రైలు తప్పిపోవునని పాడుచున్నట్లున్నదని లేచిపోయెను.

ఎవరి పక్షమునకు పోవుదునని నన్నడిగిరి. నేనాలోచించుకొంటిని. పాట మొదటి సగము పొడవే. నిజము దాచుట యెందులకు? ఆ దొంగగారి టోపీ, గడ్డము క్రింది జాలరు, మదుపట్టు వంటి వెల్వెట్ కోటు, తొడలవఱకు వచ్చిన బూట్లు, ఇవన్నియు ఒకింత త్వరగా చూపినను మనకు నష్టము లేదు. పెండ్లికొడుకు వర్ణన విని విని విసిగిన వారము. రెండవ సగము మాత్రము వేఱు. అచ్చట ఒక పిల్ల కట్టువడి, చీకటిలో, చేతులు మెలిపెట్టుకొనుచున్నది. కవి దానిని కొలది పంక్తులలో చెప్పినాడు. చదువువారి కన్ను దానికంటెను త్వరగా పోవును. నవల చేత పట్టిన వెంటనే కడపటి పుట తిప్పిచూచు పాడు అలవాటు గలదానను నేను. నా సంగతి నాకు తెలియును. చెవికి ఆ సౌకర్యము లేదు. పాడునది ఎంతసేపు పాడిన అంతసేపు వేచియుండవలసినదే. బెస్ వేచినంతసేపు కాకపోయినను, ఆ వేచియుండుటలో నించుక మనకును పాలు వచ్చును. వరుస మాఱలేదని మఱది దెప్పినాడు. ఆ రాత్రి ఆ గదిలో గడియకు గడియకు మాఱిన దేమున్నది?

ఇచ్చట మా అత్తగారిని గుఱించి చెప్పవలెను. పొడుగు విషయమై ఆమె కెట్టి యాక్షేపణయు లేదు. లక్ష వత్తులు చేయ గూర్చున్నవారికి పది నిమిషములొక లెక్కా? ఆమె చిన్నతనమున మధ్యాహ్నములందు ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు మొదలగు పాటలను నలుగురైదుగురు ఆడువారు కూడి, విసరుచునో చెఱుగుచునో పాడెడివారట. అవియు పొడుగైనవే; వాటికిని చివఱిదాక నొకటే వరుస. విసుగన్న మాట యెవరును ఎఱుగరు. ఏలయనగా చేతులకు పని యుండెను. ఒకరు మఱచినచో నొకరు అందుకొనిరి. నడుమ నెవరో ఊర్మిళ ఓర్పును గుఱించి తమ కోడలికి తగులునట్లు ఒక మాట విసరెడివారు. అత్తగారికి ఈ యింగ్లీషు పాటలో కొఱతగా తోచినది ఒక్కటే. "ఇంత కథ చెప్పుచున్నది గదా, పాపము, ఊ కొట్టువారే లేరేమి?" అనిరి.

ఆ మాట నన్ను చాల దూరము తీసికొనిపోయినది. మన బుఱ్ఱకథలో ఇరుప్రక్కల వంతలుందురు. ఒకడు హాస్యమాడును, ఒకడు లోకము సంగతి ముచ్చటించును. వినువారి మనసులో నేమి సందేహము కలదో దానిని వారడుగుదురు. కథకుడు ఊపిరి పీల్చుకొని జవాబు చెప్పును. తోలుబొమ్మలాట చూడుడు. గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణపు ద్విపదలను ఆటవారు పాడుదురు. కావ్యము కావ్యముగనే యుండును. దాని నడుమకు కేతిగాడును బంగారక్కయు వచ్చి దూఱుదురు. రావణుని కొలువులో నైనను వారికి అడ్డు లేదు. కావ్యమును జనుల నోట పెట్టునప్పుడు మనవారు మనుష్యులను చేర్చిరి. మెకెన్నిట్ ఒక మనుష్యుని తీసివేసినది.

ఆ తీసివేయబడినవాడు టిమ్. చిన్నమ్మాయి లెక్కించిన చరణములలో ముఖ్యమైనది అదియే. కవి వానికి ఇచ్చిన చోటు ఒక్క చరణము. పాలిపోయిన మొగము, పిచ్చిచూపు, బూజుపట్టిన గడ్డివలె జుట్టు. వాడు వినెనని కవి చెప్పును. చెప్పిపెట్టెనని ఎక్కడను చెప్పడు. మఱునాడు సిపాయిలు వత్తురు, మనము గ్రహింతుము. పాటలో వాడు లేడు. కనుక సిపాయిలు వానవలెనో తెగులువలెనో ఊరక వచ్చి పడుదురు. ఇది గాయని తెలిసియే చేసియుండును. పాట యంతయు ఆ యిరువురి మీదనే నిలువవలెనని కాబోలు. కాని నాకిది లోపముగనే తోచినది. ఇంటిగుట్టు బయటికి చెప్పినవాడు లేకుండ ఏ యింటికిని కీడు వచ్చినట్లు నేను వినలేదు.

అసలు తగవు ఇంకను చెప్పలేదు. కథ తెలుగున విన్న పిమ్మట అత్తగారు కొంతసేపూరకుండి, "ఇంతకును ఆ పిల్లకు తల్లి లేదా?" అని యడిగిరి. చిన్నమ్మాయి పద్యమును మరల చూచుకొని, లేదు, తల్లి ప్రసక్తియే లేదనెను. "తండ్రి యున్నాడంటివి గదా. కూతురిని కట్టివేయుచుండగా ఆయన యెక్కడ?" దానికిని పద్యములో జవాబు లేదు. సిపాయిలు ఆయనతో పలుకలేదు, ఆయన బీరు త్రాగిరి. అంతటితో ఆయన కథ సరి. మా మఱది నవ్వెను. మఱెవ్వరును నవ్వలేదు.

"అయిన దొంగలును దొరలును తగవులాడుకొని నడుమ నాడుపిల్లను చంపిరన్నమాట" అనిరి అత్తగారు. పెద్దమ్మాయికి అది రుచింపలేదు. ఆమెను ఎవరును చంపలేదు నానమ్మా, ఆమె తానే నిశ్చయించుకొన్నది. కట్టివేసిన చేతులతో, ఆ గదిలో నున్నవారందఱికంటె నెక్కువ పని ఆమెయే చేసినది అనెను. అత్తగారు, చేసినది సరే, చేయవలసిన గతి ఎవరు పట్టించిరి అనిరి. ఇట్లు వారిద్దఱును చాలసేపు వాదించిరి. పాట పొడుగును గుఱించిన మాటలన్నియు ఎక్కడివక్కడ ఆగిపోయినవి.

నేను పెద్దమ్మాయి వంక చూచుచుంటిని. ఇరువదినాలుగేండ్ల పిల్ల. కవి ఈ పద్యము వ్రాసిన ప్రాయమే. ఆ ప్రాయమున ప్రేమకై ప్రాణమిచ్చుట వెన్నెలలో కనబడును. డెబ్బదియెనిమిదేండ్ల అత్తగారికి ఆ మంచము, ఆ గుడ్డ, ఆ పరిహాసములు కనబడినవి. ఇరువురును విన్నది ఒక పాటయే. కవి పద్యములో బెస్ మీది మెప్పు ఛందస్సులోనే మ్రోగుచున్నది. గుఱ్ఱమెక్కిన పద్యము మనలను ఆగి ప్రశ్నింపనీయదు. మఱది దూషించిన ఆ మాఱని నెమ్మది వరుస ఆమెను మెచ్చుకొనదు, జాలిపడదు; జరిగినది జరిగినట్లు చెప్పి ఊరకుండును. అందుచేతనే అత్తగారికి ఆ ప్రశ్నలు వేయుటకు తెఱపి దొరకినది. పాట పొడుగునకు నేనిచ్చు మార్కు ఇందులకే. పెద్దమ్మాయి పక్షమని మఱది నన్నెత్తిపొడిచెను. అత్తగారి పక్షమని పెద్దమ్మాయి అలిగినది.

మఱునాటి సాయంకాలము అత్తగారే, ఆ పాట ఇంకొకసారి పెట్టుమనిరి. ఈసారి చిన్నమ్మాయి ఒక యుపాయము చేసినది. టిమ్ ఉండవలసిన తావునకు రాగానే పాట నాపి, వాని చరణమును తానే చదివి, తెలుగున అర్థము చెప్పి, మరల పాటను సాగనిచ్చినది. అత్తగారు "ఊ" అనిరి. అది మొదలు ఆగి ఆగి ఊ కొట్టుచునే యుండిరి. మా మఱది గడియారము చూడలేదు. చూచినను నాకు కనబడలేదు. తుపాకి ప్రేలినచోట అత్తగారి చేతిలోని ప్రత్తి జాఱిపడినది. పెద్దమ్మాయి దానిని తీసి యిచ్చినది.

పాట ముగిసినది. సెల్‌ఫోను నిశ్శబ్దమయినది.

"మఱి ఆ గుఱ్ఱపుసాలవాడు తరువాత నేమయినాడు?" అనిరి అత్తగారు.

చిన్నమ్మాయి పుస్తకము తిరుగవేసి చూచినది. ఆ ఒక్క చరణము తరువాత వాని పేరు మఱెక్కడను లేదు.

"కవికి తెలియదేమో" అనిరి అత్తగారు, తప్పిన లెక్కను మొదటినుండి పెట్టుకొనుచు.